బిగించని పిడికిలి

పందెం ముగిసి బండి వ్యాను పక్కన ఆగినా వేర్లె కిందికి దిగలేదు.

"ఏంటే, అక్కడే కాపురం పెడతావా?" అన్నాడు ఆమె అన్న యోరిస్, తుడిచే గుడ్డతో ఎదురొస్తూ.

"వేళ్ళు రావట్లేదు."

అతను దగ్గరికి వచ్చి చూశాడు. కుడిచేతి వేళ్ళు హ్యాండిల్ చుట్టూ కొంకర్లు పోయి ఉన్నాయి. ఒక్కొక్క వేలినీ పట్టి మెల్లగా విప్పాడు. ముంజేయి తాకితే చెక్కలా గట్టిగా ఉంది. వేర్లె పళ్ళ బిగువున ఊరుకుంది గానీ, చెయ్యి ఊడి వచ్చాక బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు ఉన్నాయో లేవో తెలియనంతగా తిమ్మిరెక్కాయి.

కెంపెన్ ప్రాంతంలో నేలంతా ఇసుక. అక్కడ డర్ట్ బైకు పందెమంటే ఇసుకతో కుస్తీ. మొదటి రౌండ్లలో చదునుగా ఉన్న దారి, బండ్లు తిరిగేకొద్దీ గోతులూ దిబ్బలూ అయి సముద్రంలా లేస్తుంది. ప్రతి గోతి దెబ్బనూ వేర్లె తన చేతుల్తోనే కాచుకునేది. మూడో స్థానంలో మొదలుపెట్టి, సగానికి వచ్చేసరికి బ్రేకు నొక్కే వేలిలో సత్తువ పోయి, ఒకరి తర్వాత ఒకరికి దారి వదిలేది. అందరికంటే ముందు ఆమెను దాటిపోయేది అనిక్. పాల ట్యాంకరు నడిపే అనిక్‌కు నలభై ఏడేళ్ళు. ఆడవాళ్ళ పందేల్లో అందరికంటే పెద్దది. ఎవరితోనూ మాట కలపదు, నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు ఉంటుంది. దాటేటప్పుడు తల కూడా తిప్పదు. పొగరని వేర్లె అనుకునేది.

యోరిస్ తనకు తోచిన వైద్యాలన్నీ చేశాడు. హ్యాండిల్‌కు లావుపాటి రబ్బరు తొడిగాడు. మందపాటి గ్లవ్స్ కొన్నాడు. మణికట్టుకు బిగుతుగా పట్టీ చుట్టాడు. గట్టిగా పట్టుకోవడానికి చేసిన ప్రతి ఏర్పాటుతోనూ నొప్పి ఇంకాస్త పెరిగింది.

వేర్లె బతుకుతెరువు కూడా చేతుల మీదే. ఊళ్ళో చిన్న సలూను నడుపుతోంది. ఆ పందెం అయిన రెండు రోజులకు, వ్రాంక్స్ అనే ముసలావిడకు జుట్టు కత్తిరిస్తూ ఉండగా కత్తెర వేళ్ళలోంచి జారి నేల మీద పడింది.

"నా చెవి ఉన్నట్టేనా అమ్మాయ్?" అంది ఆవిడ అద్దంలో చూసుకుంటూ.

"రెండూ ఉన్నాయండీ," అని వేర్లె నవ్వేసింది. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి తన వేళ్ళను తానే గిల్లి చూసుకుంది. ఎవరివో పరాయి వేళ్ళను గిల్లినట్టుంది. అప్పుడు భయం వేసింది.

డాక్టరమ్మ మణికట్టు మీద వేలితో తట్టగానే జివ్వుమని అరచేయంతా కరెంటు పాకింది. "నరం నొక్కుకుపోతోంది. కొన్ని వారాలు బండి ముట్టుకోవద్దు. రాత్రిళ్ళు ఈ పట్టీ వేసుకుని పడుకో," అందావిడ. "బండి పూర్తిగా మానెయ్యమని చెప్పను. కానీ ఇలాగే పట్టుకుని నడిపితే ఆపరేషన్ దాకా పోతుంది. మరెలా పట్టుకోవాలో నడిపేవాళ్ళనే అడుగు."

ఆదివారం కాళ్ళు ఊరుకోక వేర్లె ఊరికే చూడ్డానికని పందేనికి వెళ్ళింది. రాత్రి వేసుకున్న పట్టీ ఇంకా చేతికే ఉంది. వేపుడు బంగాళాదుంపల బండి దగ్గర వరసలో నిలబడితే, వెనకొచ్చి నిలబడింది అనిక్. పట్టీ వైపు చూసింది. వేర్లెకు అభిమానం అడ్డొచ్చింది. దాన్ని దిగమింగి అడిగింది.

"మీకు చేతులు నొప్పి పెట్టవా?"

"ఈ 'మీరు' ఏంటి? నేనేమైనా మేయరునా?" అంది అనిక్. జాకెట్టు చేతులు పైకి లాగి రెండు మణికట్లూ చూపించింది. రెండింటి మీదా పాత కోత గుర్తులు తెల్లగా మెరిశాయి. "నీ వయసులో కోయించుకున్నాను. ఏడాది పాటు కాఫీ కప్పు ఎత్తాలన్నా రెండు చేతులూ కావాల్సొచ్చేది. అప్పుడు నేర్చుకున్నాను, బండిని పట్టుకోవాల్సింది చేతుల్తో కాదని."

"మరి?"

"మోకాళ్ళతో. నువ్వు ఇసుక దారి మధ్యలోకి వచ్చేసరికి మోచేతులు కిందికి వేలాడేస్తావు. మోకాళ్ళు తెరుచుకుంటాయి. అది కనిపించగానే నాకు తెలిసిపోతుంది, ఇక పిల్ల పనయిపోయిందని. దానికోసమే వెనక కాచుకుని ఉంటాను."

వేర్లె ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ తెలిసీ..."

"పందెంలో తెలిసినవన్నీ చెప్పుకుంటూ పోతామా?"

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

అనిక్ వరసలో ఒక అడుగు ముందుకు వేసింది. "చేతులు పడిపోయినదాన్ని దాటడం కూడా ఒక దాటడమేనా? విసుగొస్తోంది నాకు. పైగా ఆ పట్టీ చూస్తే నా ఏడాది నాకు గుర్తొచ్చింది." అంతలో బండివాడు పిలిస్తే, దుంపల మీద మాంసం పులుసు కాస్త ఎక్కువ పొయ్యమని వాడితో పేచీకి దిగింది.

నేర్పడానికి ఒప్పుకున్నా, డాక్టరమ్మ చెప్పిన గడువు తీరేదాకా అనిక్ ఆమెను బండి ఎక్కనివ్వలేదు. కానీ ఊరికే కూర్చోనివ్వనూ లేదు. పాల పని ముగించుకుని సాయంత్రాలు వచ్చి గుంజీలు తీయించేది, తొడల మధ్య బంతి పెట్టి నొక్కించేది. మెట్లు దిగేటప్పుడు వేర్లె గోడ పట్టుకుని మూలుగుతుంటే, "నొప్పి చోటు మారింది. మంచిదే," అనేది. యోరిస్ వేసిన లావు రబ్బర్లు పీకించింది. హ్యాండిల్ మీది బ్రేకు, క్లచ్ లీవర్లను కిందికి వంచి, మణికట్టు వంగకుండా ముంజేతికి తిన్నగా వచ్చేట్టు బిగింపజేసింది. యోరిస్ మొదట ముఖం ముడుచుకున్నాడు.

"నేనూ బండ్లు బాగుచేసేవాణ్ణే," అన్నాడు.

"బండికేం, బాగానే ఉంది నాయనా. నీ చెల్లెలికి సరిపడేట్టు లేదంతే," అంది అనిక్. అతను రెంచి అందించాడు.

మళ్ళీ ఇసుకలోకి దిగిన రోజున వేర్లెకు ఏడుపొచ్చినంత పనయింది. చేతులు వదులు చేస్తే బండి పక్కకు ఈడ్చుకుపోతోంది. పడింది. లేచింది. మళ్ళీ పడింది.

"ఊపిరి బిగబడుతున్నావు. ఊపిరి బిగిస్తే పిడికిలి బిగుస్తుంది," అంది అనిక్ బండి లేపుతూ. "పాట పాడు."

"ఏం పాట?"

"నీకొచ్చిందేదైనా. ఇంజను రొదలో నాకెలాగూ వినపడదు, అదొక అదృష్టం."

వేర్లె సిగ్గుపడుతూనే హెల్మెట్టు లోపల చిన్నప్పటి బడి పాట ఎత్తుకుంది. తొడలతో ట్యాంకును పట్టి, ఒక్క వేలు మాత్రం లీవరు మీద ఆనించి, దిబ్బ మీదికి వెళ్ళింది. కింద బండి గిలగిల్లాడింది. దాని మానాన దాన్ని గిలగిల్లాడనిచ్చింది. ముందు చక్రం తనంతట తానే దారి వెతుక్కుని అవతలికి దిగింది. ఇన్నేళ్ళూ తాను బండితో పోట్లాడుతూ వచ్చానని వేర్లెకు అప్పుడు ఒంటితో తెలిసింది.

జూన్‌లో జరిగిన పందెంలో దారి సగానికే గోతులమయమైంది. వేర్లె నాలుగో స్థానంలోంచి మూడుకు, మూడులోంచి రెండుకు వచ్చింది. ముందు అనిక్. వెనకనుంచి చూస్తే ఆ ఒళ్ళు దిబ్బల మీద ఎంత తేలిగ్గా లేచి దిగుతోందంటే, పందెం సంగతి మరచి కాసేపు చూస్తూ ఉండిపోవాలనిపించింది. ఇన్నాళ్ళూ పొగరనుకున్నది ఏమిటో కూడా అప్పుడే అర్థమైంది. ముందున్న గోతి తప్ప మరేదీ ఆ మనిషి చూడదు.

చివరి రౌండులో, పైన్ చెట్ల పక్క మలుపు దగ్గర, అనిక్ లోపలి దారి పట్టింది. వేర్లె బయటి దారిలో, ఎవరూ తొక్కని మెత్తటి ఇసుకలోకి వెళ్ళింది. అది బలమంతా పీల్చేసే దారి, పాత చేతులైతే అక్కడే పడిపోయేవి. ఈసారి తొడలు పట్టాయి. మలుపు దాటేసరికి ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు, ముగింపు గీత దాటేసరికి వేర్లె ఒక చక్రం ముందుంది.

అనిక్ బండిని ఇసుకలో పడేసి పక్కనే కూలబడింది. హెల్మెట్టు తీసేసరికి ముఖమంతా ఇసుక, కళ్ళ చుట్టూ మాత్రం తెల్లటి గుండ్రాలు. నవ్వుతోంది. ఆవిడ అంత నవ్వడం అక్కడెవరూ చూడలేదు.

"చేతులెలా ఉన్నాయి?" అనడిగింది, గెలుపు మాట ఎత్తకుండా.

"బొటనవేలు కాస్త తిమ్మిరి. నొప్పి లేదు."

"అయితే రాత్రి పట్టీ మానకు. గెలిచానని డాక్టరమ్మ మాట పక్కన పెడితే నేనొచ్చి తంతాను."

యోరిస్ ముగ్గురికీ తినడానికి తెచ్చాడు. "అనిక్, నిజం చెప్పు. దీనికి నేర్పినందుకు ఇప్పుడు బాధగా లేదూ?" అన్నాడు.

"ఉంది," అంది అనిక్ నములుతూ. "ఆ బయటి దారి నాకెందుకు తట్టలేదా అని బాధ. వచ్చే ఆదివారం అక్కడ నేనుంటాను, చూస్కో."

ఎండ ఇంకా దిగకముందే లేచింది. ఇంకాసేపు ఉండమంది వేర్లె.

"తెల్లారేలోగా పాలు ఎత్తాలి. నేను ఓడానని ఆవులు సెలవిస్తాయా?" అని బండిని తన వ్యాను వైపు తోసుకుంటూ వెళ్ళింది.

వేర్లె పరుగున వెళ్ళి వెనక చక్రానికి చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి దాన్ని వ్యానులోకి ఎక్కించారు.