బోర్లించిన గ్లాసు

మెట్లు ఎక్కుతూనే ఉన్నాను, కింద టైలరు షాపులో మిషను చప్పుడు ఎంత పైకి వచ్చినా తగ్గడం లేదు, పైన సంఘం గది తలుపు బార్లా తీసి ఉంది, లోపల కిటికీ పక్కన తన కుర్చీలో సన్యాసిరావన్నయ్య కూర్చుని తాపీగా టీ తాగుతున్నాడు. అతను పోయి రెండు వానాకాలాలు దాటాయని నాకు తెలుసు, కానీ ఇంత ఎండలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురుగా కూర్చున్న మనిషితో నువ్వు పోయావు కదా అనడం మర్యాదగా ఉండదని ఊరుకుంటాను. గది వైజాగు పాతవూళ్లో మా గదే, గోడ మీద అదే పెచ్చులూడిన నీలం రంగు, అదే పాత క్యాలెండరు, కిటికీ అవతల మాత్రం రోడ్డు ఉండాల్సిన చోట నీళ్లున్నాయి, ఒక ఓడ నిదానంగా వెనక్కి వెళుతోంది.

"ఏటి హైమా, ఇంత ఆలీసం చేసీసావు," అంటాడు. "ఇయ్యాల ఆయనొస్తన్నాడంట కదా."

ఆయనంటే ప్రేమానందం గారు, ఉప్పుగాలి బృందానికి గొంతు ఆయనే. డెబ్బైల్లో రైల్వే కాలనీ నుంచీ జాలరిపేట నుంచీ ఐదుగురు కుర్రాళ్లు పోగై, గిటార్లూ ఆర్గనూ వేణువూ పట్టుకుని, రికార్డు ఒక వైపంతా ఒకే పాట సాగేలా, ఏడు దెబ్బల తాళంలో మొదలై ఐదులోకి దూకి మళ్లీ ఏడులోకి వచ్చేలా తెలుగులో పాడుతుంటే, దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని మాకెవరికీ తెలియదు. తెలిశాక కూడా మాకది ఉప్పుగాలే. వాళ్ల కోసం ఒక శ్రోతల సంఘం పెట్టినవాడు సన్యాసిరావన్నయ్య, పోర్టు వర్క్‌షాపులో ఫోర్‌మన్, ఊళ్లో ఎవరి దగ్గరున్న క్యాసెట్టయినా అతను తన చేత్తో కాపీ చేసి ఇచ్చిందే. సంగీత పాఠశాలలో వయొలిన్ చెప్పుకునే నేను ఇక్కడికెందుకు వస్తున్నానని అప్పట్లో అందరూ అడిగేవారు, అతనొక్కడే అడగలేదు, కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఆ రోజు నుంచీ నాకు అన్నయ్యే.

ఆలస్యం కాలేదనీ, సాయంత్రం దాకా టైముందనీ, ఈలోగా నీతో తేల్చుకోవాల్సింది ఒకటుందనీ చెబుతాను. నేనేం తేల్చుకోవడానికి వచ్చానో అతనికి తెలుసు, తెలిసీ కిటికీలోంచి ఓడను చూస్తున్నాడు. చేతిలో ఉన్నది ఆకుపచ్చ గీత ఉన్న అతని గాజు గ్లాసే. కడిగి తెస్తానని నిన్న నేనే దాన్ని సంఘం నుంచి ఇంటికి తీసుకెళ్లాను, మా వంటింటి గట్టు మీద ఉండాల్సింది ఇక్కడికెలా వచ్చిందా అని ఒక్క క్షణం అనిపిస్తుంది, సరేలే అని దానికీ సర్దుకుంటాను.

మా సంఘంలో చేతులెత్తడాలూ చీటీలూ లేవు, ఓటంటే గ్లాసే. ఎవరి గ్లాసు వాళ్లకుంటుంది, ఒప్పుకున్నవాళ్లు నిలబెట్టి టీ పోయించుకుంటారు, ఒప్పుకోనివాళ్లు బోర్లిస్తారు, ఒక్క గ్లాసు బోర్లా పడినా ఆ పని ఆగిపోతుంది. ఉప్పుగాలి వాళ్లు చాలా ఏళ్లు విడిపోయి, నెరిసిన జుట్టుతో మళ్లీ కలిసి మూడు ఆల్బమ్‌లు చేశారు. మొదటిది తెచ్చుకుని ఈ గదిలోనే విన్నాం. సగం పాట కాకముందే అన్నయ్య గ్లాసు బోర్లించి, వీళ్లు నీరసించిపోయారనీ, ప్రేమానందం గొంతు దిగిపోయిందనీ, ఇవి ఈ గదిలో మోగడానికి వీల్లేదనీ అన్నాడు. మిగతావాళ్లు కూడా తలూపారు, మా పార్వతీశమైతే ఇవి నిద్రపట్టని వాళ్లకు పనికొస్తాయన్నాడు. గొంతు దిగిపోయిందన్న మాట ఊరంతా తిరిగి ప్రేమానందం గారి చెవిదాకా వెళ్లింది. మూడో ఆల్బమ్ 'దీపం ఆర్పిన ఓడ' తరవాత ఆయన మైకు పట్టుకోలేదు.

ఇప్పుడు గాలి మారింది. అదే పార్వతీశం పొద్దున్నే బీచ్‌లో నడుస్తూ 'దీపం ఆర్పిన ఓడ' చెవుల్లో పెట్టుకుని, నాకు ఫోన్ చేసి, ఆ రెండో పాటలో డ్రమ్ము కొట్టాల్సిన చోట కొట్టకుండా వదిలేశాడు చూశావా, ఆ ఖాళీలోనే కదమ్మా అసలు సంగతంతా ఉందీ అని నాకే పాఠం చెబుతున్నాడు. నేను మొదటినుంచీ అదే అంటున్నానని గుర్తుచేస్తే వినపడనట్టు దగ్గుతాడు. ప్రేమానందం గారు ఈ సాయంత్రం మా సంఘానికి వస్తున్నారు, సన్మానం వద్దన్నారు, శాలువా వద్దన్నారు, ఆ ఆల్బమ్ ఒక్కసారి నలుగురి మధ్య కూర్చుని వినాలని మాత్రం అడిగారు. అందరి గ్లాసులూ నిలబడే ఉన్నాయి, ఒక్కటి తప్ప. పోయిన మనిషి గ్లాసు, బోర్లించే పోయాడు, దాన్ని తిప్పే అధికారం ఎవరికీ లేదని మావాళ్లు తేల్చేశారు. ఆ పెద్దాయన ఇంత దూరం వచ్చి, తన పాట వినకుండానే టీ తాగి వెళ్లిపోతాడని తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతోంది.

ఇదంతా చెప్పానో, చెప్పకుండానే అతను విన్నాడో తెలియదు. గది కొంచెం ఊగుతోంది, టైలరు మిషను చప్పుడు రైలు చప్పుడైంది, గోడలున్నచోట ఓడ అంచుకుండే ఇనుప కమ్మీలున్నాయి, మేమిద్దరం ఆ కుర్చీల్లోనే ఉన్నాం, మధ్యలో బల్ల మీద అతని రికార్డు ప్లేయరు తిరుగుతోంది. మోగుతున్నది వాళ్ల తొలి రికార్డు, 'పదమూడో జెట్టీ'. అన్నయ్య మోకాలి మీద తాళం వేస్తూ, విను, ఇది పాటంటే, దీని పక్కన నీ ఓడ నిలబడుతుందా అన్నట్టు కళ్లెగరేస్తాడు.

"ఇది ఏ శ్రుతి అన్నయ్యా?" అంటాను.

"నన్నడుగుతావేటి, నువ్వు కదా పంతులమ్మవి."

ఒకటిన్నర అని చెబుతాను. ఊళ్లో ఎవరి క్యాసెట్టు పెట్టినా ఒకటిన్నరే. పొద్దున్న ప్రేమానందం గారి అమ్మాయి అసలు టేపు నుంచి తీసిన పాట ఫోన్లో పంపింది, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని విన్నాను, అది ఒకటి శ్రుతి, అర మెట్టు కింద. నడక కూడా అంత మేరా నిదానం. 'దీపం ఆర్పిన ఓడ' కూడా ఒకటి శ్రుతే, నడకా అదే. ఆ మనిషి గొంతు దిగిందీ లేదు, బృందం నీరసించిందీ లేదు, వాళ్లు మొదటినుంచీ అలాగే ఉన్నారు, మన దగ్గరే పాట పరిగెత్తింది.

అతను తాళం ఆపడు, కానీ చెయ్యి తడబడుతుంది. ఆ ప్లేయరు ఓడ మీద పనిచేసేవాళ్లు ఎక్కడినుంచో తెచ్చింది, ఆ దేశం కరెంటు వేరు, మన కరెంటు మీద ఈడ్చుకుంటూ తిరిగేది. అప్పుడు అన్నయ్య వర్క్‌షాపులో లేతు మిషను మీద ఇత్తడి చక్రం ఒకటి స్వయంగా తీసి మోటారుకు తొడిగాడు, చెవితో విని, చేత్తో తాళం వేసుకుని, ఇదిగో సరిపోయిందన్నాడు, మేమంతా చప్పట్లు కొట్టాం. వెంట్రుక మందం లావైందని ఎవరికి తెలుసు. రికార్డులు దొరికేవి కావు కాబట్టి ఊరు ఊరంతా ఆ చక్రం మీద తిరిగిన పాటనే కాపీలు చేసుకుని విన్నది. చివరి మూడూ కొట్లోంచి సీడీలుగా వచ్చాయి, వాటి మధ్యలో ఏ చక్రమూ లేదు.

"నా సక్రం తప్పంటావేటి," అంటాడు, గొంతు తగ్గించి.

"చక్రం మంచిదే. కొంచెం తొందర ఎక్కువ. నీలాగే."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఓడ కమ్మీల అవతల జెట్టీలు ఒకటొకటిగా వెళ్లిపోతున్నాయి, వాటి మీద మనుషులు నిలబడి మావైపు చెయ్యూపుతున్నారు, అందరూ చిన్నవయసు వాళ్లే, అందులో ఒకడు అన్నయ్యే, బెల్‌బాటం ప్యాంటుతో, ఎత్తయిన జుట్టుతో, తాళం తప్పకుండా ఏడు కొడుతున్నాడు. ఇక్కడి అన్నయ్య అతన్ని చూసి తల తిప్పుకుంటాడు.

"ఒక మాట సెప్తాను, ఎవలితోటీ అనకు," అంటాడు. "ఆ రోజు ఆ పాట ఎట్టగానే నా సెయ్యి ముందరికి ఎలిపోతంది, పాట ఎనక ఉండిపోతంది. ఈళ్లు ముసిలోళ్లయిపోనారంటే నాను కూడా అయిపోనానన్నమాటే కదా అనిపించింది. ఆ మాట ఒప్పుకోలేక గ్లాసు బోర్లించీసేను. పాట సరిగ్గా ఇన్లేదు నాను."

నాకు ఏడుపొస్తుంది. ఏడవను, ఇప్పుడు ఏడిస్తే ఇతను ఓదార్చడం మొదలుపెడతాడు, నా పని చెడుతుంది. అతను మళ్లీ అంటాడు, ఈసారి నన్ను కాదు, ప్లేయరును చూస్తూ, అయితే ఆ మనిషి పాడ్డం మానేసింది నా వల్లేనా అని. నేను సూటిగానే చెబుతాను. మాట నీదే, తలూపింది అందరూ. కానీ నీ చక్రం లేకపోతే ఆ రికార్డు ఈ ఊళ్లో ఎవరి చెవినా పడేది కాదు, నేను ఆ మెట్లు ఎక్కేదాన్ని కాదు, ఈ సాయంత్రం ఆయన రావడానికి ఒక గదంటూ ఉండేది కాదు. రెండూ నిజమే, రెండూ నువ్వే మొయ్యాలి, ఇప్పుడు బరువు దించుకునే దారి కూడా నీ చేతిలోనే ఉంది.

అతను చొక్కా జేబులోంచి ఆకురాయి తీస్తాడు, ఇస్త్రీ చొక్కా జేబులో అదెలా పట్టిందో నేను అడగను. మోటారు నుంచి ఇత్తడి చక్రం ఊడదీసి, వేళ్ల మధ్య తిప్పి చూసి, ఓడ అంచుకు ఆనించి అరగదీయడం మొదలుపెడతాడు. వర్క్‌షాపులో పనిచేసేటప్పుడు పడే గీతే పెదవి పక్కన పడింది. ఇత్తడి పొడి గాలికి లేచి మా ఇద్దరి చేతుల మీదా పడుతోంది. మధ్యమధ్యలో మామూలు కబుర్లు అడుగుతాడు, బావ ఇంకా టీ పాకంలా పెడతాడా అని, ఇంకా అంతే, వద్దంటే ఇంకో చెంచా వేస్తారని చెబుతాను. నేను పడుకుంటే టీ పెట్టి లేపే అలవాటు కూడా ఇంకా ఉందని చెబుతాను. చక్రం మళ్లీ తొడిగి, ముల్లు దించుతాడు.

మోగేది 'దీపం ఆర్పిన ఓడ'. అది రికార్డుగా రానే లేదు కదా అనుకుంటూనే వింటాను. ప్రేమానందం గారు మొదటి మాట పాడి ఆగుతారు, ఊపిరి పీల్చడం వినపడుతుంది, దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు, వేణువు ఆ ఊపిరి అయ్యేదాకా కాచుకుని అప్పుడు వస్తుంది. చిన్నప్పటి పాటల్లో ఐదుగురూ నేను ముందంటే నేను ముందని పడేవాళ్లు, ఇక్కడ ఒకళ్లకొకళ్లు దారి ఇచ్చుకుంటున్నారు. అన్నయ్య చెయ్యి మోకాలి మీద ఉంది, ముందుకు పోవడం లేదు. ఏడో దెబ్బ దగ్గర పాటా చెయ్యీ కలిసి దిగుతాయి. కిటికీ మళ్లీ కిటికీ అయింది, ఓడ వెనక్కి వెళ్లడం మానేసి రేవులోకి వస్తోంది.

"బానే ఉంది," అంటాడు. అతని నోటి వెంట ఆ మాట రావడమంటే మామూలు సంగతి కాదు. "ఆయన గొంతేటీ దిగలేదు."

"మరి గ్లాసు?" అంటాను. "టీ తాగుతూనే ఉన్నావు కదా. ఒప్పుకున్నట్టే."

అతను గ్లాసులోకి చూసుకుంటాడు, దొరికిపోయిన మనిషిలా నవ్వుతాడు, ఆ నవ్వు కోసమే నేను ఇంత దూరం వచ్చానేమో.

"కల్లో తాగిన టీ లెక్కలోకి రాదే," అంటాడు. "రూలు రూలే. ఆ గదిలోవోళ్లకు కనపడే టీ కావాల."

అది నేను ఎక్కడినుంచి తెచ్చేది అని అడగబోతాను, అతను లేచి నిలబడి, కుర్చీ వెనక్కి జరిపి, నేను మొదటిసారి వచ్చిన రోజున జరిపినట్టే జరిపి, కూకోమ్మా అంటాడు, ఆ కుర్చీ చప్పుడు నేల మీద పొడుగ్గా సాగుతుంటే టైలరు మిషను ఆగిపోతుంది.

కళ్లు తెరిస్తే మా పడగ్గది, మూడు దాటిన ఎండ మంచం కాళ్లదాకా వచ్చి ఉంది. తలవైపు శ్రుతిపెట్టె ఆపడం మరిచిపోయాను, ఒకటిలో అలా మోగుతూనే ఉంది. మా వారు మంచం పక్కకు స్టూలు లాగుతున్నారు, దాని మీద టీ పెట్టారు, లే, తయారవ్వాలన్నావు కదా అన్నారు.

పొగలు వస్తున్న ఆ టీ ఆకుపచ్చ గీత ఉన్న గ్లాసులో ఉంది.

ఈ గ్లాసు ఎందుకు తీశారని అడిగాను. కప్పులన్నీ సింకులో ఉన్నాయట, గట్టు మీద ఇదొక్కటే శుభ్రంగా బోర్లించి కనపడిందట. "ఏం, తియ్యకూడదా?" అన్నారు, కొంచెం భయపడి.

కళ్లు తుడుచుకుని, ఒక గుక్క తాగాను, పాకమే. మిగిలింది తాగలేదు. స్టీలు మూత ఒకటి అడిగి, గ్లాసు మీద పెట్టి, చీర కట్టుకున్నాక ఆటోలో ఒళ్లో పెట్టుకుని, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని సంఘానికి తీసుకెళ్లాను.