మేస్త్రి కుట్టిన గోడ

కోడలి సర్వర్‌కి జబ్బు చేసిందన్న సంగతి ఇంట్లో అందరికన్నా ఆలస్యంగా తెలిసింది సోఫాల మేస్త్రికే. తెలిసిన దగ్గర్నుంచి మాత్రం ఆయన కోడలి గది గుమ్మం వదల్లేదు.

సర్వర్ అంటే మరేం కాదు, చెప్పుల పెట్టెకి పెద్దన్నలాంటి నల్లటి డబ్బా. లోపల హార్డ్ డిస్కులు, వెనక ఒక ఫ్యాను. కోడలు సినిమాలకి సౌండు చేస్తుంది. ఆమె ఏళ్ళ తరబడి పోగేసిన వానలు, రైళ్ళు, తలుపుల కిర్రులు, జనం గోల, అన్నీ దాంట్లోనే ఉంటాయి. అది రాత్రీ పగలూ గుర్రుమంటూనే ఉంటుంది కాబట్టి ఇంటికి ఆ చివర, బీరువాల గదిలో పెట్టారు. అక్కణ్ణుంచి ఒక తీగ గోడల వెంబడి వచ్చి కోడలు పనిచేసుకునే గదిలో తేలుతుంది. ఇంట్లో అందరూ దాన్ని డబ్బా అంటారు. కోడలూ, ఆమె మీద గౌరవం కొద్దీ మేస్త్రీ మాత్రమే సర్వర్ అంటారు.

కోడలి గది గురించి చెప్పకపోతే మేస్త్రి గురించి చెప్పినట్టు కాదు. నలభై ఏళ్ళు సోఫాలు కుట్టిన మనిషి. వేళ్ళ కణుపులు బిగుసుకుపోయి సూది జారడం మొదలయ్యాక దుకాణం మూసేశాడు. మూసే ముందు చేసిన ఆఖరి పని ఈ గది. మాట ప్రతిధ్వనించకుండా ఒక గోడ మొత్తానికి ఫోమ్ పరిచి, మీద బూడిదరంగు గుడ్డ ఈ చివర నుంచి ఆ చివరకి అతుకన్నది లేకుండా లాగి, గుండీలు వేసి కుట్టాడు. గుండీకీ గుండీకీ మధ్య మడతలన్నీ చేత్తో తీర్చినవే. తలుపు అంచులకి రబ్బరు పట్టీ కూడా వేశాడు, చీమ దూరాలన్నా అనుమతి అడగాల్సిందే. ఇంటికి ఎవరైనా వస్తే ముందు మంచినీళ్ళివ్వాలా, గోడ చూపించాలా అన్న విషయంలో ఆయనకీ భార్యకీ ఇప్పటికీ తగువే.

ఇక జబ్బు సంగతి. కోడలికి ఈమధ్యే ఒక సినిమా వచ్చింది, నది మీద పడవలు నడిపేవాళ్ళ గురించి. ఇన్నాళ్ళూ ఆమె ఇంకొకరి కింద పనిచేసింది. చాకిరీ ఆమెది, తెర మీద పేరు వాళ్ళది. ఈసారి పనీ ఆమెదే, పేరూ ఆమెదే. శుక్రవారం పొద్దున డైరెక్టరమ్మ వచ్చి, కూర్చుని, మొత్తం వింటుంది. అప్పటికి కాకపోతే పని వేరే స్టూడియోకి పోతుందని ముందే చెప్పేసింది. ఇవాళ బుధవారం. డబ్బాలోకి చిటికెలో వెళ్ళే ఫైళ్ళు రెండు రోజులుగా నత్తలతో పోటీ పడుతున్నాయి. అక్కడున్న శబ్దాలు ఇక్కడ వినిపించాలంటే మధ్యమధ్య ఎక్కిళ్ళు. నదిలో పడవ కదిలినట్టే కదిలి, ఆగిపోతోంది.

మందుల షాపు నడిపే కొడుక్కి రోగం పూర్తిగా వినకముందే మందు తీసే అలవాటు. టిఫిన్ ప్లేటు చేత్తో పట్టుకునే వచ్చాడు.

"ఆపి మళ్ళీ వేశావా?"

"వేశాను."

"పక్కింటివాళ్ళు మన వైఫై వాడేస్తున్నారేమో."

"ఆ గదిలోంచి ఈ గదిలోకి రావడానికి వైఫై ఎందుకండీ? ఇంటర్నెట్టే అక్కర్లేదు. ఇది మనింట్లోంచి మనింట్లోకే, తీగ మీద."

"అయితే డబ్బా ముసలిదైపోయింది. కొత్తది కొనేద్దాం."

"చూసి చెప్తాను," అంది కోడలు. ఆ చూసి చెప్తానన్న మాటకే మేస్త్రి పడిపోయాడు. స్టూలు తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

ఆమె ముందు ఒక పెద్ద ఫైలు ఎంచుకుంది. దాన్ని డబ్బాలోకి పంపి, వేగం ఎంతుందో చూసుకుంది. ఏది మార్చినా మళ్ళీ అదే ఫైలు పంపుతోంది.

"ఎప్పుడూ అదే ఎందుకమ్మా? వేరేది పంపి చూడొచ్చుగా?"

"చిన్నచిన్నవి బోలెడు పంపితే ఎప్పుడైనా నిదానమే మామయ్యా, ఒక్కోదానికీ తలుపు తీసి మూయాలి. కొలత ఒకటే ఉంటే కదా తేడా తెలిసేది."

డిస్కుల ఆరోగ్యం చూసింది. అన్నీ గుండ్రాళ్ళలా ఉన్నాయి. కంప్యూటర్ వెనకున్న చిన్న తీగ తీసి కొత్తది పెట్టింది. వేగం మారలేదు. కొత్తది పీకేసి మళ్ళీ పాతదే పెట్టింది.

"అదేంటి తల్లీ, కొత్తది పెట్టాక ఉంచేయక?"

"రెండు మూడు కలిపి మార్చేశాననుకోండి, బాగుపడ్డాక ఏది బాగుచేసిందో తెలీదు కదా."

మేస్త్రికి ఒళ్ళు పులకరించింది. ఇదే ముక్క దుకాణంలో పనివాళ్ళకి చెప్పీ చెప్పీ ఆయన నోరు నొప్పెట్టింది. కుర్చీ కిర్రుమంటే నాలుగు కాళ్ళకీ ఒకేసారి మేకులు దిగ్గొట్టే వెధవలు వాళ్ళు. ఏ కాలు అరిచిందో కుర్చీకీ తెలీదు, వాళ్ళకీ తెలీదు. ఈ పిల్ల చూస్తే ఎవరూ నేర్పకుండానే తెలుసుకుంది. ఇలాంటి మనిషి తన ఇంటికి కోడలిగా రావడం కొడుకు అదృష్టమా, తనదా అని కాసేపు ఆలోచించి, తనదేనని తేల్చుకున్నాడు.

మధ్యాహ్నం దాకా అలా సాగింది. ఇంకొకరైతే ఈపాటికి డబ్బాని నేలకేసి కొట్టేవారు. ఆమెకి విసుగు రాలేదు, చెయ్యి తొందరపడలేదు. అత్తగారు అన్నానికి పిలిచి పిలిచి, చివరికి కంచం అక్కడికే తెచ్చి ముద్దలు కలిపి పెట్టింది.

అన్నం తిన్నాక కోడలు బీరువాల గదిలోకి వెళ్ళి డబ్బాని పసిపిల్లలా రెండు చేతులా ఎత్తుకొచ్చి, తన బల్ల మీద పెట్టింది. మధ్యలో గోడ తీగ లేకుండా, మూరెడు తీగతో నేరుగా కంప్యూటర్‌కి తగిలించి అదే ఫైలు పంపింది. మేస్త్రి కళ్ళజోడు సర్దుకునేలోగా ఫైలు వెళ్ళిపోయింది.

"చూశారా మామయ్యా! సర్వర్ మంచిదే. కంప్యూటరూ మంచిదే. రెండూ గుర్రాలు!"

"శభాష్!" అని మేస్త్రి తొడ చరిచాడు.

"మరింకేం, దాన్ని ఇక్కడే ఉంచేసుకో," అంది అత్తగారు.

కోడలు డబ్బా వైపు చెయ్యి చూపించింది. నిశ్శబ్దంగా ఉన్న ఆ గదిలో దాని గుర్రు ఎవరో భోంచేసి పడుకున్నట్టుంది. "దీన్ని పక్కన పెట్టుకుని నేను పడవ ఇంజను చప్పుడు సరిచేస్తే, ఏది ఇంజనో ఏది ఇదో తెలీదు అత్తయ్యా. ఇందులో ఉన్నవన్నీ నా కంప్యూటర్‌లో పట్టవు, గుమ్మంలోంచి తీగ వేద్దామన్నా తలుపు మూతపడదు. తలుపు తీసి ఉంటే మీ మిక్సీ కూడా నదిలోకి దిగుతుంది."

డబ్బాని తిరిగి ఆ గదిలో పెట్టొచ్చింది. వేగం మళ్ళీ నత్తనడకే.

"ఇక మిగిలింది దారి ఒక్కటే," అంది. తీగ వచ్చి చేరే చోట గోడ దగ్గర చిన్న దీపం ఉంది. "ఇది పచ్చగా ఉంటే పరుగన్నమాట, ఇలా నారింజరంగులో ఉంటే నడక. ఆ తీగ లోపల సన్నవి ఎనిమిది ఉంటాయి మామయ్యా. పరుగెత్తాలంటే ఎనిమిదీ కావాలి. ఒకటి తెగిందంటే, ఈ చివరా ఆ చివరా మాట్లాడేసుకుని, సరేలే నడుద్దాం అనుకుంటాయి. పూర్తిగా ఆగిపోదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు."

"మరి తీగకి ఏమవుతుంది? గోడలో ఉన్నదాన్ని ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు మేస్త్రి. అంటూనే ఆయన చూపు గోడ కింది మూలకి పోయింది.

ముట్టుకున్నది ఆయనే. ఆదివారం కోడలు చప్పుళ్ళు రికార్డు చేసుకోవడానికి ఊరవతలికి వెళ్ళినప్పుడు, గోడ కింది మూల గుడ్డ అరవేలంత వదులైనట్టు కనిపించింది. ఆ వదులు లోకంలో ఇంకెవరికీ కనిపించదు. ఆయనకి మాత్రం అది చూశాక అన్నం సహించలేదు. అటక మీంచి స్టేప్లర్ గన్ దింపి, పొట్టి పిన్నులు అయిపోతే పొడుగువి ఎక్కించి, టపటపా కొట్టాడు. వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు. తీగ ఆ గుడ్డ అంచుని పట్టి ఉంచే కింది చెక్కపట్టీ వెనకనుంచే పోతుందని, తనే దగ్గరుండి క్లిప్పులు బిగించిన సంగతి, ఆ మురిపెంలో మరిచిపోయాడు.

కోడలు గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పట్టీ వెంబడి వేలు జరుపుకుంటూ వెళ్తోంది. మూలకి వెళ్ళేసరికి వేలు ఆగింది. పాత పిన్నుల పక్కన కొత్తవి తళతళలాడుతున్నాయి. ఆమె వెనక్కి తిరగలేదు. ఆ పిన్నుల్ని వేలితో ఒక్కొక్కటే తడిమింది. తర్వాత లేచి, చేతులు దులుపుకుంది.

"డబ్బా పాతబడిపోయింది మామయ్యా. ఇక ఇంతే, కొత్తది కొనాలి."

"నేను పొద్దున్నే చెప్పలేదూ!" అని వరండాలోంచి కొడుకు విజయగర్వంతో అరిచాడు.

మేస్త్రి కోడలికేసి చూశాడు. రెండూ గుర్రాలని ఇందాకే చూపించిన పిల్ల, గుర్రం ముసలిదంటోంది. చూడకుండా ఒక్క ముక్క చెప్పని మనిషి, చూసిందాన్ని కాదంటోంది. ఎందుకో ఆయనకి తెలుసు. ఆ తీగ మార్చాలంటే కింది పట్టీ ఈ చివర నుంచి ఆ చివరదాకా ఊడదీయాలి. పట్టీ ఊడితే గుడ్డ బిగువు పోతుంది. ఒకే తానుగా లాగింది కాబట్టి ఒక మడత పోతే అన్ని మడతలూ పోతాయి. అలాంటి గోడ మళ్ళీ కుట్టే వేళ్ళు ఈ ఇంట్లో లేవు.

ఆయన స్టూలు తీసుకుని బయటికి వచ్చేశాడు. లోపల కోడలు డైరెక్టరమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. తలుపు కొద్దిగా తెరిచే ఉంది.

"రెండు రోజులు చాలండి... కనీసం శనివారం దాకా... లేదండీ, నాకు అర్థమైంది... వాళ్ళయితే బాగానే చేస్తారు, సరే అండీ. ఒకవేళ ఈలోపు నావల్ల అయితే ఫోన్ చేస్తాను."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. మేస్త్రి తలుపు సందులోంచి చూశాడు. ఆమె కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడకేసి చూస్తోంది. ఆ చూపులో కోపం ఆవగింజంత కనిపించినా ఆయన తట్టుకునేవాడేమో. అది లేదు. ఏ సోఫా ఎంత బాగా కుదిరినా ఆయనకి గర్వంతో కళ్ళలో నీళ్ళు తిరిగిన రోజు లేదు, ఇప్పుడు తిరిగాయి. ఈ పిల్ల తన పేరు వదులుకుంటోంది, ఒక ముసలాడి గోడ కోసం.

పనిముట్ల సంచీ భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. భార్య వంటింట్లోంచి తొంగిచూసింది. "ఎక్కడికండీ ఆ అవతారం?"

"పనికి."

కోడలు తేరుకునేలోగా ఆయన గోడ మూల కూర్చుని, కొత్త పిన్ను కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తేశాడు. దాని పక్కది ఎత్తాడు. ఆ పక్కది.

"మామయ్యా! ఏం చేస్తున్నారు? వద్దు, ఆగండి!" ఆమె వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నీకు అబద్ధమాడటం చేతకాదమ్మా. పొద్దుటి నుంచి నాకు పాఠం చెప్పి, చివరికొచ్చేసరికి ఆ పాఠమే తప్పంటే నేనెలా ఒప్పుకుంటాను?"

"ఇది మీ ఆఖరి పని మామయ్యా. దీన్ని విప్పించి నేను సినిమా చేసుకోవాలా? ఇంకో సినిమా వస్తుంది."

"నీ పేరుతో వచ్చే మొదటిది మళ్ళీ రాదు." ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. "నీ పనికోసం కుట్టిన గోడ ఇది. నీ పనికే అడ్డుపడితే దీన్ని చూసి నేనేం మురిసిపోవాలి? జరుగు, గుడ్డ చిరుగుతుంది."

పట్టీ ఊడుతున్నకొద్దీ గుడ్డ వదులై, ఒక మడత తర్వాత ఒక మడత చదునైపోయింది. నెలరోజులు కూర్చుని తీర్చిన మడతలు. మేస్త్రి తలెత్తి చూడలేదు. వేళ్ళు నొప్పెట్టినప్పుడు కాసేపు చంకలో దూర్చుకుని, మళ్ళీ మొదలెట్టాడు. మూలలో పట్టీ ఎత్తేసరికి తీగ కనిపించింది, దాని నడుంలోంచి ఒక పిన్ను కాలు సూటిగా దిగి ఉంది.

"ఎంత గురిగా కొట్టానో చూడు," అన్నాడు. ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. గుమ్మంలో నిలబడ్డ కొడుకు ఈసారి ఏ మందూ చెప్పలేదు, వచ్చి పట్టీ అటు కొస పట్టుకున్నాడు.

కొత్త తీగ పరిచి, కొసలు తనే బిగించుకుని, కోడలు తగిలించింది. గోడ దగ్గర దీపం పచ్చగా వెలిగింది. అదే ఫైలు, ఆ గదికి పంపీ పంపగానే వెళ్ళి కూర్చుంది. ఆమె వెంటనే ఫోన్ అందుకుంది. పని ఇంకా ఎవరికీ ఇవ్వలేదట.

శుక్రవారం డైరెక్టరమ్మ వచ్చి, వేలాడుతున్న గుడ్డనీ, గోడలోంచి తొంగిచూస్తున్న ఫోమ్‌నీ వింతగా చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని సినిమా మొత్తం వింది. అయిపోయాక కళ్ళు తెరిచింది. "తెర మీద మీ పేరు ఎలా రాయమంటారు?" అని మాత్రం అడిగింది.

ఆమె కారు వీధి మలుపు తిరిగిందో లేదో, కోడలు గదిలోకి పరుగెత్తి మేస్త్రి ముందు చతికిలబడింది. సూదీ దారం ఆయన చేతిలో ఉన్నాయి, సూది కన్ను మాత్రం దొరకడం లేదు. ఆమె అందుకుని దారం ఎక్కించి ఇచ్చింది. ఆయన మొదటి గుండీ కుట్టాడు. మడత వంకరగా పడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు. వంకరగానే ఉంది.

"ఆఖరి పని అన్నావుగా, చూడు, ఇంకా ఎంతుందో," అన్నాడు. "గుడ్డ లాగే బలం నాకు లేదు. అటు చివర పట్టుకుని లాగు."

ఆమె రెండు చేతులా పట్టుకుని లాగింది. "చిరుగుతుందేమో మామయ్యా."

"చిరగదు. ఇంకా లాగు."