దొరసాని దుంపలకు మన్ను

కొండ కింద పారే గెడ్డ నుంచి తెచ్చిన ఇసక జల్లెడ పడుతుంటే మా అత్త గుమ్మంలోంచి అంది, "పొయ్యి ఆరిపోతంది. నువ్వేటి, మట్టితో ఆడుకుంటన్నావు?"

ఆట కాదు. మా ఆయన మల్లేశు హుకుంపేట పక్క కొండమీద అడవి బంగళాలో గార్డు. అక్కడి దొరసానికి కొండవాలులో నేలమీద పూసే ఆర్కిడ్ పూలు నచ్చాయి. చెట్టును పట్టుకుని పెరిగేవి కావవి. మట్టిలో దుంపగా ఎండాకాలమంతా పడుకుని, తొలకరికి లేస్తాయి. వాటిని కుండీల్లో పెంచమని దొర మా ఆయనకి చెప్పాడు. మా ఆయన నాకు చెప్పాడు. "వంగమొక్కలు పెంచట్లేదేటి, ఇదీ అంతే."

మొదట వంగకి పెట్టినట్టే బంకమన్నులో పశువుల గత్తం ఎరువుగా కలిపి పెట్టాను. వానలకి నీరు దిగక దుంపలన్నీ కుళ్ళాయి. మల్లేశు వాటిని తెచ్చి నా కంచం పక్కన పోసి, "ఇప్పుడు తిను" అన్నాడు. ఆ కంపులోనే తిన్నాను.

తర్వాత కట్టెలకి వెళ్ళినప్పుడు ఆ మొక్కలున్న చోట వేళ్ళతో తవ్వి చూశాను. పిడికిట నొక్కితే ఆ మన్ను ముద్ద కట్టలేదు. సగం చివికిన ఆకులు, గరుకు ఇసక, రాతిపొడి. ఇంటికొచ్చి గెడ్డ ఇసకలో ఆకుమన్ను, పెంకుముక్కలు, ఆ చోటి మన్ను గుప్పెడు కలిపి, అక్కడి నుంచే తెచ్చిన కొత్త దుంపలు నాటాను. నీళ్ళు పోస్తే ఆగకుండా దిగాయి, తడి మాత్రం మిగిలింది. మొలక కనిపించిన పొద్దున పనులన్నీ వదిలి దాని ముందు కూర్చున్నాను. ఈ ఇంట్లో ఒకరు చెప్పకుండా నాకు నేనుగా తెలుసుకున్నది అదొక్కటే.

పూలు చూడ్డానికి మా ఇంటికొచ్చిన దొర మెచ్చుకుంటే మల్లేశు, "మన్ను నేనే కలిపానండి" అన్నాడు. తలుపు వెనక నిలబడి నేనూ సంతోషించాను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఈసారి బంగళా వరండా పొడుగునా కుండీలు కావాలన్నారు. నాకు అయిదో నెల. ఇసక మొయ్యడానికి మనిషిని పెట్టమని అడిగాను.

"నీకు కాళ్ళు లేవేటి?" అన్నాడు.

గెడ్డ నుంచి ఇంటికంతా ఎక్కుడే. తట్ట నెత్తిన ఉండగానే నొప్పి వచ్చింది. పక్క గూడెం నుంచి మంత్రసాని యర్రమ్మ వచ్చి చూసింది. అప్పటికే అంతా అయిపోయింది. "కొన్నాళ్ళు బరువు ముట్టకు తల్లీ" అని నాతోనే అంది గానీ, చూపు మాత్రం మల్లేశు మీద ఉంది.

మా అత్త గుడ్డలో చుట్టినదాన్ని చూసి, "గుంటేలే, మొగోడు కాదు" అంది.

నాకింకా రక్తం ఆగలేదు. మల్లేశు కుండీలు, దుంపలు తెచ్చి నా మంచం పక్కన పెట్టి, మడిగట్టు నుంచి తవ్వుకొచ్చిన బంకమన్ను కుప్ప పోశాడు. "దొరసాని బేగి కావాలంటంది. గెడ్డ దాకా ఎవుడెల్తాడు? ఏ మన్నయితే ఏటి, కూకుని నింపేయ్."

ఇందులో కుళ్ళిపోతాయని చెప్పబోయాను. చెబితే ఇసకకి నన్నే పంపుతాడు. చెప్పకపోతే, కుళ్ళిన నాడు నన్నే కొడతాడు. దుంపలు ఒళ్ళో పెట్టుకున్నాను. వాటి తప్పేమీ లేదు. పాపం అనిపించింది, ఏడుపొచ్చింది.

"ఇదే మన్నా?" అని అడిగాను.

"ఇదే. సెప్పింది సెయ్యి."

కళ్ళు తుడుచుకున్నాను. ఆయన చెప్పినట్టే, ఆయన తెచ్చిన మన్నుతోనే, ఒక్కో కుండీ అంచుదాకా నింపాను.