నాడి చూసే గడియారం

రోజూ పొద్దున తొమ్మిదింటికి షాపు తెరిచేది టైలరమ్మ. సగం షాపు ఆవిడ కుట్టుమిషనుది, మిగతా సగం ఆవిడ భర్త గడియారాల బల్లది. రిపేరుకి ఎవరొచ్చినా "ఒక్క సెకండు" అని వారం రోజులు తిప్పించుకుంటాడు గనక ఆయన్ని వీధంతా సెకండ్లాయన అనేది. పని మాత్రం పక్కాగా చేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

బల్ల పైన మేకుకి వాళ్లబ్బాయి గడియారం వేలాడుతూ ఉండేది. అబ్బాయి మిలటరీ వైద్య సిబ్బందిలో పనిచేసేవాడు. ఓ కొండ దగ్గర కాల్పులు జరుగుతుంటే, దెబ్బ తిన్నవాళ్లను ఒక్కొక్కరినీ వీపున మోసుకొచ్చి పదకొండు మందిని బతికించాడు. పన్నెండో మనిషి కోసం వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఇంటికి పతకమూ, నాడి చూసేటప్పుడు పెట్టుకునే ఆ గడియారమూ వచ్చాయి. అప్పట్నుంచి గడియారం టైము చూపించడం మానేసింది. ఎవరి చేతికి కడితే వాళ్ల నాడి ఎలా ఉంటే అలా కొట్టుకునేది. మేకు మీద ఉన్నంతసేపూ ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఎదురు క్లినిక్ డాక్టరు కూడా అనుమానం వస్తే, "ఓసారి వాళ్లబ్బాయికి చూపించుకుని రండి" అని పేషెంట్లను ఇటు పంపేవాడు. సెకండ్లాయన వాళ్ల చేతికి గడియారం కడుతూ, "మావాడి చేతిలో పడ్డారంటే బతికినట్టే" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లన్నా ఆయనకి తనివి తీరేది కాదు.

తాను మాత్రం ఎప్పుడూ కట్టుకోలేదు. వాడు డ్యూటీ చేసిన గడియారం, సోకుకి కట్టుకునేదా అనేవాడు. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఒక వార్డుకి అబ్బాయి పేరు పెడుతున్నారు. శుక్రవారం అక్కడే సభ, తండ్రి మాట్లాడాలి. ఆ రోజైనా కట్టుకోకపోతే ఎలా? సరిపోతుందో లేదో చూద్దామని మంగళవారమే కట్టుకున్నాడు.

గడియారం తడబడింది. రెండు కొట్టి ఆగింది, గబగబా నాలుగు కొట్టింది, మళ్లీ ఆగింది.

ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. కొడుకు తాలూకు కదిలే వస్తువు అదొక్కటే. అదీ పోతే ఇంకేం మిగులుతుంది? కంటికి అద్దం బిగించి, పట్టకారుతో ఒక్కో చక్రమూ విప్పి కడిగి, నూనె చుక్క వేశాడు. కట్టుకుంటే మళ్లీ అదే తడబాటు. బుధవారం స్ప్రింగు మార్చాడు. గురువారం మూడోసారి విప్పి బిగించాడు. భోజనానికి మేడ మెట్లెక్కుతూ సగంలో ఆగి, రొప్పుతూ, ఆ మెట్లు కట్టిన మేస్త్రీని తిట్టుకున్నాడు.

"వాడి గడియారం చేతులారా పాడు చేశానోయ్," అన్నాడు కిందికొచ్చి. కళ్ల నిండా నీళ్లు.

టైలరమ్మ మిషను ఆపింది. "ఇటివ్వండి."

తన చేతికి కట్టుకుంది. ఆవిడ కుట్టులాగే తిన్నగా సాగింది. లంగరు వేసినట్టు అక్కడే కూర్చున్న భర్త చేతికి కట్టింది. తడబడింది. అటుగా పోతున్న పోస్టుమ్యాన్ని పిలిచి అతని చేతికి కట్టి చూసింది. బాగానే ఉంది.

"ఏవండీ, మనవాడు ఎవరి విషయంలోనైనా తప్పు చెప్పాడా?"

"ఎందుకు చెప్తాడు?"

"మూడు రోజులుగా మీకు చెప్తున్నాడు. మీరేమో వాడి నోట్లో నూనె పోస్తున్నారు. లేవండి."

"రేపు సభ పెట్టుకుని ఇప్పుడు ఆసుపత్రా? ఒక్క సెకండు..."

"మీ సెకండ్లు నా దగ్గర చెల్లవు," అని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

ఎదురు డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, వెంటనే తన కారులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. సాయంత్రం ఆపరేషన్ చేశారు. రేపటిదాకా ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు సర్జన్.

శుక్రవారం సభకి టైలరమ్మ ఒక్కతే వెళ్లింది, గడియారం కట్టుకుని. మిలటరీ ఆఫీసరు పతకంతో వచ్చిన ప్రశంసాపత్రం చదువుతున్నాడు. "ప్రాణాలకు తెగించి పదకొండు మందిని కాపాడి..."

టైలరమ్మ లేచి నిలబడింది.

"పన్నెండు సార్."

హాలంతా ఆవిడ వైపు తిరిగింది.

"పన్నెండో మనిషి పై అంతస్తులో ఉన్నాడు. వాళ్ల నాన్న. నిన్న కాపాడాడు."

ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి పదకొండు కొట్టేసి, పక్కన పన్నెండు రాశాడు. నిటారుగా నిలబడి మొదటి నుంచీ మళ్లీ చదివాడు. టైలరమ్మ కూర్చోకుండానే అంతా వింది. చేతి మీద గడియారం ముందు వరసలో వాళ్లందరికీ వినిపించేటంత గట్టిగా కొట్టుకుంది.