కడ్డీ వదిలిన నడక

డిపోలో ఆయన్ని అందరూ మెత్తబ్రేకు అంటారు. నిలబడ్డ ప్రయాణికుడి చేతిలో టీ కూడా తొణక్కుండా బస్సు ఆపుతాడని ఆ పేరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో బండికి ఒక్క గీత పడనివ్వలేదు. అలాంటి పెద్దమనిషి ఆ రోజు ఆస్పత్రి బల్ల మీద చొక్కా విప్పి కూర్చుని, చేయబోయే దొంగపనిని మనసులో ఒకటికి రెండుసార్లు నెమరేసుకుంటున్నాడు.

నలభై ఐదు దాటిన డ్రైవర్లకి ఏటా గుండె పరీక్ష ఉంటుంది. ఛాతీకి తీగలు అతికించి ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెంచుతూ తెర మీద గుండె గీతలు చూస్తారు. గీతలో తేడా వస్తే ఇక స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. దానికి డ్రైవర్ల దగ్గర ఒక కిటుకుంది. ముందున్న కడ్డీని స్టీరింగ్‌లా బిగించి పట్టుకుని, ఒంటి బరువంతా చేతుల మీద వేసేస్తే కాళ్ళకీ గుండెకీ పని తగ్గుతుంది, జబ్బు బయటపడదు. ఆ కిటుకు కనిపెట్టింది మెత్తబ్రేకే. పైగా అదో ఘనకార్యమైనట్టు అందరికీ నేర్పాడు.

అరగంట క్రితం ఆయన బావమరిది దానితోనే గట్టెక్కాడు. అతనూ అదే డిపోలో డ్రైవరు. రెండు నెలలుగా మెట్లెక్కితే ఛాతీ బిగుసుకుని దవడ లాగుతోందనీ, ఎడమ చెయ్యి బరువెక్కుతోందనీ బావకి మాత్రమే చెప్పాడు. ఇప్పుడు పాసైన కాగితం జేబులో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఒంటిగంట బస్సు అతనిదే.

ఈలోగా షిఫ్టు మారి కొత్త టెక్నీషియన్ వచ్చింది. మెత్తబ్రేకు ట్రెడ్‌మిల్ ఎక్కీ ఎక్కగానే ఆమె చూపు ఆయన చేతుల మీద పడింది. వేళ్ళు ఆనిస్తే చాలని చెప్పింది. ఆయన వదిలినట్టే వదిలి మళ్ళీ పట్టుకున్నాడు. ఆమె మిషన్ ఆపేసింది.

"ఇక్కడ మోసపోయేది నేను కాదండీ. చేతులు తీయండి, మొదట్నించీ చేద్దాం."

కూతురి వయసు పిల్ల చేత అనిపించుకున్నందుకు ఆయనకి ఒళ్ళు మండింది. పౌరుషం కొద్దీ చేతులు రెండూ తీసేశాడు. మొదటి మూడు నిమిషాలు దర్జాగానే నడిచాడు. ఆరో నిమిషంలో ఛాతీ మీద ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టయింది. ఆ నొప్పి దవడకి పాకి, ఎడమ చేతిలోకి దిగింది.

ఇన్నాళ్ళూ ఆయాసాన్ని వయసు మీదకి నెట్టేశాడు. ఇప్పుడొచ్చింది మాత్రం బావమరిది చెప్పిన నొప్పి, అచ్చం అదే. ఆయనకి చచ్చేంత భయం వేసింది. అందులో తన గురించి వేసిన భయం సగం కూడా లేదు.

డాక్టర్ వచ్చి నాలుక కింద మాత్ర పెట్టాడు. యాంజియోగ్రామ్ అయ్యేదాకా బస్సు మాటే ఎత్తొద్దన్నాడు. మెత్తబ్రేకు తల ఊపాడు గానీ కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. పన్నెండున్నర. చెబితే ఒకే ఇంట్లో ఇద్దరి ఉద్యోగాలు పోతాయి, వాడు జన్మలో తన మొహం చూడడు. చెప్పకపోతే వాడు యాభై మందిని ఎక్కించుకుని బయల్దేరతాడు.

"డాక్టర్ గారూ, నాకు ముందు పాసైంది నా బావమరిది. వాడికీ ఇదే నొప్పి. కడ్డీ పట్టుకుని నడిచాడు. నేనే నేర్పాను."

బావమరిదిని లోపలికి పిలిచి కాగితం వెనక్కి అడిగారు. అతను బల్ల మీదున్న మనిషిని చూశాడు. సంగతి అర్థమైంది.

"నా పొట్ట కొట్టావు బావా."

తనకేమీ లేదని నిరూపిస్తానంటూ అతను విసురుగా చొక్కా విప్పాడు. డాక్టర్ పక్కనే నిలబడి, మెల్లగా నడవమన్నాడు. కోపం కొద్దీ అతను కడ్డీ వైపు చూడను కూడా లేదు. రెండో నిమిషం దాటకుండానే చెయ్యి దవడ మీదకి వెళ్ళింది. టెక్నీషియన్ మిషన్ ఆపింది. అతని మొహంలో కోపం పోయి రక్తం కూడా పోయింది. మిషన్ దిగబోతూ తూలి, గదంతా కలియజూశాడు.

"పట్టుకో బావా" అన్నాడు.

డాక్టర్ వద్దంటున్నా వినకుండా మెత్తబ్రేకు బల్ల దిగి వెళ్ళి అతన్ని పట్టుకున్నాడు.