పేలు తినే చేప

చేపలు దాక్కోడానికని నీళ్ళలో వేలాడదీసిన ప్లాస్టిక్ నాచుకు అతుక్కున్న చేపను ఓస్మున్ లాగలేదు, బొటనవేలితో పక్కకు జరిపాడు. దాని పొట్ట కింద చిన్న బిళ్ళలాంటి పట్టు ఉంటుంది. లాగితే చర్మం ఊడొస్తుంది, జరిపితే దానంతటదే వదులుతుంది. బకెట్లో వేయగానే అది గోడకు అంటుకుంది.

ఈ గుండ్రటి చేపలను, సముద్రంలో సాల్మన్లను పెంచే వలపంజరంలో వదిలేది సాల్మన్లకు పట్టిన సముద్రపు పేలను తినడానికి. అవి ఎంత తిన్నా పేలు తగ్గలేదు. అందుకే సాల్మన్లన్నిటికీ వేడినీళ్ళ స్నానం చేయించే పడవ వస్తోంది. ఆ వేడికి ఈ చిన్నవి తట్టుకోలేవు. పడవ వచ్చేలోగా వీటిని ఏరకపోతే సాల్మన్లతో పాటే, చేపల్ని పడవలోకి పీల్చే గొట్టంలోకి పోతాయి.

ఓస్మున్ భుజాలు వంగిపోయాయి, వేళ్ళు చలికి కొంకర్లు పోయాయి. అయినా తొడుగులు వేసుకోడు, చేప పట్టు తెలియదని. పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు తండ్రితో కలిసి కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఈ సముద్రపు పాయలో, ఈ ఫియోర్డ్‌లోనే, నదికి ఎదురీదే సాల్మన్లు పట్టేవాడు. అవి కరువయ్యాక పెంపకం చేపల దగ్గర జీతానికి చేరాడు. నది చేపలకు పేలు ఈ పంజరాల నుంచే ఎక్కుతున్నాయని ఊళ్ళో ఎవరైనా అంటే అవుననడు, కాదనడు.

ఈ జాతిలో మగచేపను అక్కడి భాషలో 'కల్' అంటారు, అంటే ముసలాడు. అది తిండి మానేసి గుడ్లకు కాపలా ఉంటుంది. ఫోర్‌మన్ సిన్నోవె ఓస్మున్‌నూ అలాగే పిలిచేది.

"ముసలాడా, ఇంకా ఎంతసేపు? పడవ కనబడుతోంది!"

"కనబడనీ. దాన్ని నేను రమ్మన్నానా?"

"చచ్చేవి ఎలాగూ చస్తాయిలే. లోపలికొచ్చి కాఫీ తాగు."

"సాల్మన్‌కి మేత అని బోలెడు చేపల్ని పిండి కొట్టిస్తున్నాం. పేలకని మళ్ళీ ఇవి. ఒక్కదాన్ని పెంచడానికి ఎన్నిట్ని చంపుతామే అమ్మాయ్? వీటినైనా బతకనీ."

"నీతో పెట్టుకుంటే తెల్లారినట్టే," అని నవ్వి, ఎర్రటి ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి అతని పక్కన పెట్టి వెళ్ళింది.

పడవ చప్పుడుకు ఆమె మళ్ళీ బయటికి వచ్చేసరికి ఓస్మున్ పంజరం అంచున నడిచే బల్లల మీద బోర్లా పడుకుని ఉన్నాడు, చేతులు నీళ్ళలో వేలాడుతున్నాయి. ఇంకా ఏరుతున్నాడనుకుంది. వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఆ చేతులు ఎప్పుడూ చల్లగానే ఉండేవి గనక ఆమెకు వెంటనే తెలియలేదు.

అతన్ని రేవుకు తీసుకెళ్ళారు. పడవవాళ్ళు టోపీలు తీసి కాసేపు నిలబడ్డారు. తర్వాత, గొట్టం దించమంటారా అని అడిగారు.

"ఆగండి," అంది సిన్నోవె. ఏడుపు ఆగడం లేదు. తొడుగులు విప్పేసి నాచు దగ్గర కూర్చుంది. మొదటి చేపను లాగబోయింది. గుర్తొచ్చి, పక్కకు జరిపింది.

దాన్ని వేద్దామని బకెట్ దగ్గరికి లాక్కుంది. అడుగున ఆ ఎర్రటి ఫ్లాస్కు మూత పడి ఉంది, దాన్ని ఒక చేప పొట్టతో గట్టిగా పట్టుకుని ఉంది.