ముందు చక్రం లేవని రోజు

దుర్యోధనకు పెళ్లాం మీద కన్నా ఆ పనస మొద్దు మీదే మమకారం ఎక్కువని పక్కింటి గున్నమ్మ బోరింగు దగ్గర అందట. "వానొస్తే ముందు మొద్దుని లోపలెట్టి, ఆనక మోహినిని నెగిసి లోపలికి రమ్మంతాడు" అని కూడా అందట. అక్కడ విన్న ఒకావిడ మజ్జిగ కోసం మా ఇంటికొచ్చి, తనకేమీ పట్టనట్టే ఆ మాట మోహిని చెవిన వేసి పోయింది. మోహిని నవ్వి ఊరుకుంది. నా మీద కూర్చునే నవ్వింది. ఆ మొద్దును నేనే.

నేను ఒక పనస చెట్టు మొదలును. మోటారు సైకిలు ముందు భాగాన్ని గాలిలో ఆపి ఉంచడం నా ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని చెట్టుగా ఉన్న రోజుల్లో నాకు తెలియదు. అప్పట్లో నా ఒంటికి వేలాడే కాయలే లోకంలోకెల్లా పెద్ద బరువనుకునేదాన్ని.

దుర్యోధన పెరట్లో, జీడిమామిళ్ల పక్కన పెరిగాను. పెద్ద తుఫాను వచ్చిన ఏడు కొబ్బరి చెట్లు తలలు తెగి పడ్డాయి, నేను వేళ్లతో సహా ఒరిగిపోయాను. కలప షావుకారు వచ్చి నా నడుము తట్టి చూశాడు. మద్దెలలకు బాగుంటుందని నడుము వరకు కోయించి పట్టుకుపోయాడు. మొదటి భాగం మెలిక తిరిగి ఉంది, రంపానికి లొంగదు, మోత పలకదు అని వదిలేశాడు. అలా పలికేదంతా ఊరు దాటిపోయి, పలకనిది పెరట్లో మిగిలింది.

దుర్యోధన నన్ను జానెడు ఎత్తున కోసి, రెండు వైపులా చదును చేసి పీటలా వాడుకోమని మోహినికిచ్చాడు. ఆమె నా మీద కూర్చుని చేపలు తోమేది, జీడిగింజలు కొట్టేది. జీడి పాలు పడి నా నెత్తి నల్లబడింది. ఆమె వేళ్లూ నల్లబడ్డాయి. మా ఇద్దరికీ అంటిన ఆ మరక ఏ సబ్బుకూ పోలేదు.

తర్వాత ఆమె కాళ్లు ఉబ్బాయి. మా వైపు ఊళ్లలో కాళ్లు ఉబ్బితే కారణం ఎవరూ అడగరు. "కిడ్నీలు" అంటారు, అంతే. ఏ వీధిలోకి పోయినా అలాంటి ఇల్లొకటి ఉంటుంది. నీటివల్ల అని ఒకరు, మట్టివల్ల అని ఒకరు, ఎండలో పనివల్ల అని ఒకరు చెబుతారు. బూట్లు వేసుకున్నవాళ్లు జీపుల్లో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. సీసాలూ తిరిగి రాలేదు, జవాబూ రాలేదు.

రోజు విడిచి రోజు మోహినిని పట్నంలో మిషను పక్కన పడుకోబెట్టి రక్తం కడుగుతారు. తెల్లవారగానే మొదటి విడత ఆమెది. ఆ వేళకు మా ఊరికి బస్సు లేదు. పక్కనుండి సాయం పట్టే మగవాళ్లంతా కూలి పనులకని దూరదేశాలు పోయారు. ఉన్నది దుర్యోధన పాత బండి ఒక్కటే. ఒకప్పుడు కొబ్బరికాయల బస్తాలు మోసిన బండి ఇప్పుడు మోహినిని మోస్తుంది. దారి నిండా గోతులు. గోతుల దెబ్బంతా ముందు భాగం మీదే పడుతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో నూనె కారుతుంది, బేరింగులు అరిగిపోతాయి, హ్యాండిలు ఊగుతుంది. మెకానిక్కు దగ్గరికి తీసుకెళితే "వదిలేసి రేపు రా" అంటాడు. మెకానిక్కు చెప్పే రేపు ఎప్పుడైనా రావచ్చు. మిషను దగ్గరి రేపు మాత్రం రేపే. అందుకని దుర్యోధనే స్పానర్లు కొనుక్కుని పెరట్లో కూర్చున్నాడు.

మొదట ఇటుకలు పేర్చి బండి మూతి నిలబెట్టాడు. ఇటుకలు పొడి అయి మూతి నేలకు గుద్దుకుంది. ఆ తర్వాత ఆయన కన్ను నా మీద పడింది. నన్ను తీసుకెళ్లి సైలెన్సరు గొట్టం కింద పెట్టాడు. గొట్టం వంగింది. తప్పు నాదైనట్టు నన్ను ఒక్క తన్ను తన్నాడు. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో ఆయన బొటనవేలికి తెలుసు. చివరికి కిటుకు చిక్కింది. చదునైన గచ్చు మీద సెంటర్ స్టాండు వేయాలి. వెనక బరువు పెడితే వెనక చక్రం నేలకు ఆని ముందు చక్రం లేస్తుంది. లేచినప్పుడు ఇంజను అడుగున ఉన్న ఫ్రేము గొట్టాలకు ఆనేలా నన్ను కిందికి తోయాలి. జారకుండా నా నెత్తిన పాత ట్యూబు ముక్క. పక్కకు ఒరగకుండా హ్యాండిలు నుంచి పాక దూలానికి ఒక తాడు.

ఆ వెనక బరువు మోహిని.

క్యారియరు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చునేది. ముందు చక్రం గాల్లోకి లేవగానే, "రంగులరాట్నం ఎక్కించినావు మావా, తీర్థంలో కూడా ఇంత సుకం నేదు" అని నవ్వేది. దుర్యోధన ఆమెకు మేనత్త కొడుకు, అందుకని చిన్నప్పటి నుంచీ మావే.

బరువు సంగతి మొద్దుకు తెలిసినట్టు మనిషికి తెలియదు. మిషను నుంచి వచ్చిన పూట ఆమె తేలిక. మళ్లీ వెళ్లబోయే ముందు పూట బరువు, బయటికి పోవలసిన నీరంతా ఒంట్లోనే ఉండిపోతుంది గనక. దుర్యోధన అది కనిపెట్టి, ముందు చక్రం పనులన్నీ ఆ బరువు పూటకే పెట్టుకునేవాడు. పెళ్లాం ఒంట్లో చేరిన చెడ్డ నీటిని కూడా బండి బాగుచేయడానికి వాడుకున్న మనిషి లోకంలో ఇంకొకడు ఉంటాడా అని నాకు నవ్వు వచ్చేది. కాసేపటికి నవ్వు పోయేది.

ఒకనాడు పట్నం నుంచి తిరిగి వస్తుంటే రైలు గేటు మలుపులో హ్యాండిలు పట్టేసింది. బండి తిన్నగా సరుగుడు తోటలోకి పోయింది. ఇద్దరూ ఇసుకలో పడ్డారు. దెబ్బలు తగల్లేదు. కానీ ఇంటికొచ్చాక మోహిని గోడ వైపు తిరిగి పడుకుని "ఆ బండి నాను మరెక్కను" అంది. మానేద్దామన్న మాట ఆమె నోట అంతకుముందు కూడా వచ్చింది. ఈసారి చెప్పుకోవడానికి ఒక సాకు దొరికింది. ఒక్క విడత తప్పినా నీరు గుండెకెక్కుతుందని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఎదురు వీధి బైరాగి ఒక విడత ఎగ్గొట్టి, తర్వాతి విడతకు మనిషే లేకుండా పోయాడు.

మర్నాడు దుర్యోధన బస్సెక్కి పోయి కొత్త కోన్ సెట్టు తెచ్చాడు. హ్యాండిలు తిరిగే చోట ఉండే గిన్నెలూ గోళీలూ అవి. తెల్లారితే మిషను. బండి ఆ సాయంత్రానికి నడవాలి, మోహిని మనసు కూడా.

మధ్యాహ్నం బండికి సెంటర్ స్టాండు వేసి పిలిచాడు.

"రా ఓలె, కూకో. సిటికెలో అయిపోతాది."

"రేపు నాను రానని సెప్పినాను కదా. మరెందుకు కూకోడం?"

"నువ్వు రాకపోతే మానీ. బండేటి పాపం సేసినాది? దాన్ని బాగుసేసుకోనీ."

ఆమె లేచి వచ్చి క్యారియరు ఎక్కింది. ముందు చక్రం లేవలేదు.

"ఇంకాస్త ఎనక్కి జరుగు."

"ఇంకెక్కడికి జరుగుతాను, నూతిలోకా?"

జరిగింది. చక్రం నేలను వదల్లేదు. నీరంతా ఒంట్లో ఉన్న పూట అది. ఆ నీటితో కలిపి కూడా ఆమె బరువు చాలలేదు. అయితే నీరు తీసేస్తే మిగిలే మోహిని ఎంత? ఆ ప్రశ్న నాకే తట్టినప్పుడు ఆయనకు తట్టదా? "స్టాండు సరిగ్గా పడనట్టున్నాది" అని తప్పు స్టాండు మీదికి తోసి, పడిన స్టాండునే మళ్లీ వేశాడు. మళ్లీ ఎక్కించాడు. మళ్లీ లేవలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చక్రాన్ని చూశారు.

"ఏటి దుర్యోధనా, బండి మొండికేసినాదా?" దడి అవతల నుంచి గున్నమ్మ. సంగతి వినేలోపే దడి దాటి వచ్చేసింది. "నెగు మోహినీ, నాను కూకుంటాను. మా ఇంటాయన ఊళ్లో ఉన్నన్నాళ్లూ తిట్టిపోసిన ఒళ్లు, ఒక్కనాడైనా పనికిరానీ."

ఆమె ఎక్కడమే ఆలస్యం, ముందు చక్రం పైకి ఎగిరింది.

"సూడు మావా," అంది మోహిని, "రేపు ఒదినని ఎక్కించుకుని పట్నమెల్లు. బండి ఊగమన్నా ఊగదు."

ముగ్గురూ నవ్వారు. గున్నమ్మ నవ్వుకు బండి కూడా ఊగింది. అందరికన్నా ముందు మోహిని నవ్వు ఆగింది. ఆమె వచ్చి నా పక్కన గొంతుకూర్చుంది.

"నాకేటి పని?"

"మొద్దుని కిందకి తొయ్యి. కుడి సేత్తో. ఆ సెయ్యి ఎట్టకు."

ఆ చెయ్యి అంటే ఎడమ చెయ్యి. మిషను సూదులు దిగడానికి అందులో నరాలు కలిపి కుట్టారు. చర్మం కింద రక్తం తుమ్మెదలా మోగుతూ ఉంటుంది. ఆ మోత ఆగితే సూది దిగే దారి మూసుకున్నట్టే. అందుకే ఆ చేత్తో బిందె ఎత్తకూడదు, ఆ చేతికి గాజు కూడా వేయకూడదు. మోహిని నన్ను కుడిచేత్తో తోస్తూ, తూలకుండా ఎడమచెయ్యి నా మీద ఆనించింది. ఆ మోత నా చెక్కలోకి దిగింది. మద్దెలలైన నా నడుము ఎక్కడెక్కడ మోగుతోందో నాకు తెలియదు. నా వంతుకు వచ్చిన మోత ఇది.

దుర్యోధన చక్రం విప్పాడు. ఫోర్కు దించాడు. అరిగిన గిన్నెలు కొట్టి తీసి, కొత్తవి దిగగొట్టి, గ్రీజులో గోళీలు పేర్చాడు. అంతసేపూ గున్నమ్మ క్యారియరు మీద కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్పింది. ఎవరి కోడలు పొయ్యి వేరు పెట్టింది, ఎవరి గేదె ఎవరి చేలో పడింది, అన్నీ. బోరింగు దగ్గర నా గురించి తాను అన్నది మాత్రం చెప్పలేదు.

ఫోర్కు తిరిగి ఎక్కించాక చక్రం దూరడానికి ఎత్తు చాల్లేదు. "అప్పా, ఇంకాస్త ఎనక్కి వాలు" అన్నాడు దుర్యోధన. గున్నమ్మ వాలింది. మూతి ఇంకా లేచి, నాకూ గొట్టాలకూ మధ్య సందు పడింది. "మోహినీ, ఆ సెక్కపలక ముక్క మొద్దు మీద ఎట్టు" అన్నాడు. ఆయన రెండు చేతుల్లోనూ చక్రం ఉంది, చూపు కూడా దాని మీదే ఉంది. మోహిని కుడిచెయ్యి అప్పటికే అలిసిపోయింది కాబోలు, ఎడమచేత్తో పలక దూర్చింది.

సరిగ్గా అప్పుడే దడి అవతల నుంచి మాడు వాసన వచ్చింది.

"ఓలమ్మో, నా సేపల కూర!" అంటూ గున్నమ్మ ఉన్నపళాన దూకేసింది.

బండి మూతి నా మీద పడింది. దూలానికి కట్టిన తాడు కిర్రుమంది. పలక రెండు ముక్కలైంది. రంపానికి లొంగలేదని షావుకారు వదిలేశాడే, ఆ మెలిక వెంటే నా నెత్తి నుంచి సగం వరకు పగులు దిగింది. అయినా నేను పక్కకు దొర్లలేదు. మోహిని వెనక్కి పడి ఉంది, ఎడమచెయ్యి చెంగులో దాచుకుని.

"సెయ్యి! సెయ్యి సూపించు!"

దుర్యోధన చక్రం విసిరేసి, గ్రీజు చేతులతోనే ఆ చెయ్యి పట్టుకున్నాడు. దాన్ని ఎత్తి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. గున్నమ్మ కూర సంగతి మరిచిపోయి దడి దగ్గరే నిలబడిపోయింది. దుర్యోధన చాలాసేపు విన్నాడు.

"మోగుతన్నాది" అన్నాడు.

"మోగక ఏటి సేస్తాది" అంది మోహిని, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. గ్రీజు నల్లగా అంటింది.

ఆయన కోపం గున్నమ్మ మీదికి మళ్లింది. "దిగీముందు సెప్పాలి కదా అప్పా!"

"కూర మాడీముందు నాకు సెప్పి మాడినాదేటి తమ్ముడా?" అని ఆమె కళ్లు తుడుచుకుంది. నిజంగానే ఏడుస్తోంది.

అప్పుడు దుర్యోధన ఒక బస్తాలో ఇసుక నింపి క్యారియరుకు కట్టాడు. ఆ పని ఏళ్ల కిందటే చేయవలసింది. ఇసుక బస్తాకు పొయ్యి మీద కూర ఉండదు, దిగమన్నా దిగదు. అయినా మనుషులు మనిషినే కూర్చోబెట్టుకుంటారు. బస్తా రంగులరాట్నం మాటలు చెప్పదు కదా. ముందు చక్రం మళ్లీ లేచింది, చక్కగా ఆగింది. ఇన్నాళ్లూ తాను కూర్చున్న చోట కదలకుండా ఉన్న ఆ బస్తాను మోహిని చూస్తూ ఉండిపోయింది.

పని అయ్యాక నన్ను బయటికి లాగి, పగులులో వేలు పెట్టి చూశాడు దుర్యోధన. కట్టెల కుప్ప పక్కన పెట్టాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. ఆ పగులుతో ఇంకొకసారి బండిని మోయలేనని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. వానకు అందులోకి నీరు దిగుతుంది, నీటి వెనకే చెదలు. ఆ తర్వాత ఏదో ఒక పూట పొయ్యి. మొయ్యలేని దాన్ని ఏం చేయాలో మొద్దుల విషయంలో మనుషులకు తడబాటు లేదు.

కుప్ప దగ్గర నుంచి మిగతాది చూశాను. పొద్దు వాలుతోంది. దుర్యోధన బండిని కిందికి దించి, హ్యాండిలు అటూ ఇటూ తిప్పాడు. నూనెలో వేలు తిప్పినట్టు తిరిగింది. ముందు బ్రేకు పట్టి ముందుకీ వెనక్కీ ఊపి చూశాడు. చప్పుడు లేదు. ఆయన మొహంలోకి చాలా రోజుల తర్వాత వెలుగొచ్చింది.

"సూసినావా మోహినీ? ఇంకో రెండేళ్లు ఈ బండికి ఢోకా నేదు. పెందలాడే పడుకో. తెల్లారగట్ల ఎల్దాం."

"అవునమ్మా, బండి కొత్తదాన్లాగున్నాది, ఎల్లు" అంది దడి దగ్గర నుంచి గున్నమ్మ.

మోహిని ముందు బండిని చూసింది, తర్వాత ఆయన్ని చూసింది.

"రెండేళ్లా? ఆ రెండేళ్లూ ఎనకాల ఎవుర్ని ఎక్కించుకుంటావు మావా?"